అరటిచెట్టుకు చలి

రమాసుందరి వృక్షశాస్త్రంలో ఫస్టుక్లాసు. అందుకే గుణదలలోని అద్దెయింటి పెరట్లో, స్నానాలగది నీళ్లు పారేచోట తనంతట తానే ఏపుగా ఎదిగిన అరటిచెట్టును చూస్తే ఆమెకు కాస్త చిన్నతనంగా ఉండేది. చదువుకున్నవాళ్ల చెయ్యి పడకుండా ఎదగడమేమిటి?

పెళ్లయి మూడు నెలలు. మొదటిసారి కాపురం చూడవస్తున్న అత్తగారు ఇందిరాదేవికి, "మన పెరటి అరిటాకులోనే మీకు భోజనం" అని ఉయ్యూరుకు ఉత్తరం రాసేసింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే చెట్టును కంటికి రెప్పలా చూసుకోవాలి. భర్త భానుమూర్తి పాత పుస్తకాల కొట్లోంచి లండన్‌లో అచ్చయిన తోటపని పుస్తకం తెచ్చాడు. డిసెంబరు రాగానే అరటి ఆకులన్నీ కోసి, బోదె చుట్టూ గడ్డి పేర్చి, పైన గోనెపట్టా కట్టాలని అందులో బొమ్మతో సహా ఉంది. ఆవేళ పొద్దున్నే కాస్త మంచు కూడా పట్టింది. ఇంకేం కావాలి? కోసిన ఆకులు ఇంటావిడ శౌరమ్మ మేకకు విందయ్యాయి.

"చెట్టుకు జొరమొచ్చిందాండీ?" అంది శౌరమ్మ గోడమీంచి.

"చలండీ," అంది రమాసుందరి.

"మరి మా చెట్లకెయ్యట్లేదే?"

"వాటికి ఇంగ్లీషు రాదుగదండీ," అన్నాడు భానుమూర్తి.

పది రోజులకు ఇందిరాదేవి వచ్చింది. కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లి, గోనె కప్పుకుని నిలబడ్డ ఆకారాన్ని చూసి ఉలిక్కిపడింది.

"ఎవర్రా అది?"

"అరటిచెట్టే అమ్మా."

"అయితే ఆకు కోసుకురా అమ్మాయ్, ఆకలేస్తోంది."

కత్తిపీట దాకా వెళ్లాకగాని రమాసుందరికి వెలగలేదు. చెట్టు భద్రంగానే ఉంది, ఆకులే లేవు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కోసేశానండీ అత్తయ్యగారూ. పుస్తకంలో కొయ్యమని ఉంది."

ఇందిరాదేవి గోనె విప్పి గడ్డి తీసింది. మధ్యలో, చుట్ట విప్పుకోని లేతాకు ఒక్కటి నిటారుగా నిలబడి ఉంది.

"చూశావా అమ్మా, పుస్తకం మహిమ!" అన్నాడు భానుమూర్తి.

"నోరు మూసుకోరా. మీరు ఊపిరాడకుండా కట్టినా పాపం బతికింది."

రమాసుందరి ఆ ఆకు కోసి, కడిగి అత్తగారి ముందు పరిచింది. ఆవిడ దాన్ని కొడుకువైపు జరిపింది.

"నాకు కంచం పెట్టు. ఉన్నదొక్క ఆకు. మీరిద్దరూ చెరోవైపూ కూర్చోండి."

రమాసుందరి సిగ్గుపడుతూనే కూర్చుంది. అన్నంతో గట్టు కట్టింది. చారు ఆ గట్టు తెంచుకుని భర్తవైపు పారింది. అతను వేలితో మళ్లీ ఇటు తోశాడు.

"తిండి తినరా," అంది ఇందిరాదేవి, కంచంలోంచి తలెత్తకుండా.