నిమ్మకాయల వంక

మార్చి పధ్నాలుగున ఆ ఇంట్లో ఆఖరిసారి పీత ఉండలు తిన్నారు. అల్లుడికి ఆ తారీఖు బాగా గుర్తు. భార్య వేయించి పెడుతుంటే అత్తగారూ తనూ పోటీపడి తిన్నారు. వానలు మొదలయ్యేసరికి భార్య కన్నుమూసింది.

అప్పటినుంచి అత్తగారిది పిట్టతిండి అయింది. ఈ వారం అదీ పోయింది. పొద్దున వచ్చిన డాక్టరు, "రేపటికీ ఏమీ ముట్టకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే" అని వెళ్ళాడు. గొట్టం మాట వినగానే ముసలావిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"ఏం తినాలనుంది అత్తయ్యా?" అంటూ అల్లుడు తెలిసిన వంటలన్నీ వరసపెట్టాడు. పీత ఉండల దగ్గర మాత్రం దుప్పటి కాస్త కిందికి జరిగింది.

అంతే, సంచీ పట్టుకుని బజారుకు పరుగెత్తాడు. పీతలు, బంగాళాదుంపలు, రొట్టె పొడి, మర్చిపోకుండా నిమ్మకాయలు. భార్య ఏనాడూ వాటిని ముందుగా తెప్పించేది కాదు. సరిగ్గా ముద్ద కలిపాక, "అయ్యో, నిమ్మకాయల్లేవు, వెళ్ళి రండి" అనేది. అంత తెలివైన మనిషి ప్రతిసారీ ఎలా మర్చిపోతుందా అని నవ్వుకునేవాడు.

ఉడికిన పీతల పెంకులు పగలగొట్టి కండ తియ్యడం అతనికి కొట్టినపిండి. ఆ ఇంట్లో అతనికి అప్పగించిన పని అదొక్కటే. దుంపలు మెదిపి, ఉల్లి, మిరియాలు, కండ కలిపి, ఉండలు చేసి, గుడ్డుసొనలో ముంచి, రొట్టె పొడిలో దొర్లించి నూనెలో వేశాడు. మొదటి ఉండ కాసేపు మర్యాదగా తేలి, ఆనక విచ్చుకుపోయింది. రెండోదీ అదే దారి పట్టింది. మంట తగ్గిస్తే నూనె పీల్చాయి, పెంచితే పగిలాయి. స్టవ్ కట్టేసి గోడకు ఆనుకున్నాడు.

"మాడ్చావా?" గదిలోంచి అత్తగారి గొంతు.

"విడిపోతున్నాయి అత్తయ్యా. నా వల్ల కావట్లేదు."

"పీత కష్టాలు పీతవి, నీ కష్టాలు నీవి." ఆవిడ నోట వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో. గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. "ముద్ద ఫ్రిజ్‌లో పెట్టావా?"

"ఫ్రిజ్‌లోనా? ఎప్పుడు?"

"నువ్వు నిమ్మకాయలకు వెళ్ళినప్పుడు. గట్టిపడేదాకా పెట్టేది. నువ్వింట్లో ఉంటే వేయించకముందే సగం ముద్ద నాకేస్తావని తరిమేది."

అల్లుడు బుట్టలోని నిమ్మకాయలకేసి చూశాడు. అవి మసగ్గా కనిపించాయి.

"మిగిలింది లోపల పెట్టి, వెళ్ళు."

"నిమ్మకాయలున్నాయి కదా అత్తయ్యా."

"ఉంటే ఏం? వెళ్ళమంటుంటే!"

మిగిలిన ముద్దను గిన్నెలో చదునుగా సర్ది, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాడు. వీధి చివర పళ్ళకొట్టు ముందు నిలబడ్డాడు. కొనేదేమీ లేదు. రేపు డాక్టరుకు ఏం చెప్పాలో తోచలేదు. కొట్టువాడు దీపం వేసి, "ఏం కావాలండీ?" అంటే తల అడ్డంగా ఊపి వచ్చేశాడు.

అప్పటికే అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

"అత్తయ్యా, వేయించనా?"

ఉసూరుమంటూ ఫ్రిజ్ తెరిచాడు. తను చదును చేసిన ముద్ద మీద ఒక చెంచా గుంట. పక్కనే ఇంకొకటి, కాస్త చిన్నది.

ఇది తిండి కింద లెక్కకొస్తుందో రాదో డాక్టరే చెప్పాలి. గిన్నె మీద పళ్ళెం బోర్లించి, గదిలోకి వెళ్ళి చూశాడు. ఆవిడ పెదవి చివర ఇంత దుంప అంటుకుని ఉంది. తుడవబోయి, నిద్ర చెడుతుందని ఆగాడు. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.