నారు వేరు చేసిన రోజు

వదిన కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లోకి వంచుకుని, రెండు చేతులా పట్టుకుని వంటింటి వెనక మెట్లు దిగుతోంది. రోజూ చేసే పనే. ఆ నీళ్ళు తూములో పోస్తే అమ్మ ఊరుకోదు. నేను గుమ్మంలో కూర్చుని చివరి కోత బెండకాయలు ఏరుతున్నాను. కొస తుంచితే చిటుక్కున విరిగేవి గిన్నెలోకి, వంగి ఊరుకునేవి చెత్తగుంటలోకి. గిన్నెలోకి వెళ్ళేవి బాగా తగ్గిపోయాయి.

పెరడు చిన్నదే. వేసవి నుంచీ టమాటా, బెండ, వంగ, బీర కాచి కాచి ఇప్పుడు అలిసిపోయి ఉంది. టమాటా కొమ్మలు ఎండిపోయి కర్రలకి కట్టిన గుడ్డపేలికల్లో వేలాడుతున్నాయి. బీరపాదుకి మిగిలిన ఒక్క కాయలో పీచు తప్ప ఏమీ లేదు. పొద్దున్న పూట గోడ పక్క మట్టి ముట్టుకుంటే చల్లగా తగులుతోంది.

ఏటా ఈ మార్పంతా అమ్మే చూసుకునేది. ఈ ఏడు ఆమె మోకాళ్ళు మొండికేశాయి. కింద కూర్చుంటే లేవడానికి ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. వానలు తగ్గాక ఒక పొద్దున్న వదినని పిలిచి, "ఈ చలికాలం పెరడంతా నీదే అమ్మాయ్. ఏది ఎక్కడ వేస్తావో నీ ఇష్టం. నన్నేమీ అడక్కు" అంది.

వదిన పుట్టి పెరిగింది మేడమీది వాటాలో. కాపురానికొచ్చిన కొత్తలో గడ్డి అనుకుని ఉల్లినారు మొత్తం పీకేసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అమ్మ ఆ సంగతి చెప్పి నవ్వేది. అలాంటిది ఇప్పుడు పెరడు చేతికిచ్చింది. ఆ మాట అన్న రోజు నుంచి వదిన ఖాళీ దొరికితే పెరట్లోనే ఉంటోంది. ఎక్కడ ఏం వేయాలో పుల్లలు గుచ్చి గుర్తులు పెట్టుకుంది. అన్నం తింటూ క్యారెట్‌కి పేడ ఎరువు పడుతుందా పడదా అని ఆలోచిస్తుంది.

బకెట్ నీళ్ళు వంగమొక్కలకి పోసి, బెండ వరస దగ్గరికి వచ్చింది. ఒక మొక్క మొదలు పట్టుకుని లాగబోయింది.

"అది ఇంకా పూస్తోందే!" కిటికీలోంచి అమ్మ.

"పూస్తోంది గానీ కాయడం లేదత్తయ్యా. మొహమాటానికి పూస్తోంది."

"మొహమాటానికైనా పూయనీ, నీదేం పోయింది?"

"బఠాణీలు నానబెట్టేశాను. ఇవాళ చోటు కావాలి."

"సరే, పీకు. నన్ను అడగొద్దన్నాగా."

బెండ పీకాం. మట్టి తిరగేసి, చివికిన ఎరువు కలిపి, కర్రతో గీత గీసి బఠాణీలు వేశాం. గోడ పక్క మడిలో వెల్లుల్లి రెబ్బలు మొన పైకి ఉండేలా ఒక్కొక్కటే గుచ్చింది వదిన. నన్ను గుచ్చనివ్వలేదు. చివరికి కిటికీ కింద పెట్టిన పండ్లపెట్టె ముందు కూర్చుంది. అందులో ముందే క్యాబేజీ నారు పోసి ఉంచింది. పోసేటప్పుడు పొట్లం చెయ్యి జారి గింజలన్నీ ఒకేచోట పడ్డాయి. ఇప్పుడు అవి గుంపుగా లేచి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి.

"చూశావా పిల్లా, ఇంతమంది ఒక్క ఇంట్లో!"

"కలిసిమెలిసి ఉన్నారుగా పాపం," అన్నాను.

"ఏం కలిసుండటం? ఒకళ్ళ నోటి దగ్గరిది ఒకళ్ళు లాక్కోవడం. ఇదుగో, ఈ పెద్దది చూడు. అందరి మీదా పడి ఎండంతా తనే తాగేస్తోంది. దీని నీడలో ఉన్నన్నాళ్ళూ చిన్నవాళ్ళు ఎదగరు. లాభం లేదు, రేపే వేరు చేసేయాల్సిందే. వేరుపడితేనే బతికి బట్టకడతారు."

వంటింట్లో గిన్నె మీద మూత గట్టిగా పడింది. కిటికీ రెక్క మూసుకుంది. గాలికి అనుకున్నాను.

ఆ సాయంత్రం కిటికీలోంచి ఒక్క సలహా కూడా రాలేదు. తలనొప్పి అని అమ్మ పెందరాళే పడుకుంది. "ఎంత హాయిగా ఉందో!" అంది వదిన చేతులు కడుక్కుంటూ.

మర్నాడు పొద్దున్న పెరట్లో ఒక తాడు కనిపించింది. బట్టలు ఆరేసే పాత తాడు. ఇటు మెట్ల పక్క మేకు నుంచి అటు చెత్తగుంట పక్క కర్ర దాకా బిగించి కట్టి ఉంది. నిన్న వేసిన బఠాణీ వరసని సగానికి కోస్తూ వెళ్ళింది. వెల్లుల్లి మడి మొత్తం తాడుకి ఆవలి పక్క పడింది. ఆ పక్కనే అమ్మ చిన్న పీట వేసుకుని కూర్చుని, బొరిగెతో కలుపు తీస్తోంది. అక్కడ తీయడానికి కలుపేమీ లేదు.

"ఇదేంటత్తయ్యా?" అంది వదిన.

"గట్టు."

"గట్టెందుకు?"

"ఎవరి ఎండ వాళ్ళు తాగడానికి."

వదినకి అర్థం కాలేదు. తాడు వంకా, వెల్లుల్లి మడి వంకా చూసింది. "బెండ పీకినందుకా? పీకమన్నారు కదా మీరే. ఈ చలికాలం పెరడు నాదే అన్నారు..."

"అన్నాను. ఇక్కడే ఉంటావనుకుని అన్నాను. వేరుపడేవాళ్ళకి నా వెల్లుల్లి ఎందుకులే తల్లీ?"

అమ్మ తలెత్తకుండానే మాట్లాడుతోంది. బొరిగె మాత్రం గట్టిగా పడుతోంది. వదిన మొహం ఎర్రబడింది. ఏం తప్పు చేసిందో వెతుక్కుంటున్నట్టు తన చేతుల వైపు చూసుకుంది.

ఎండ తాగడం అన్న మాట దగ్గర నాకు వెలిగింది. నవ్వు ఆగలేదు.

"అమ్మా, వదిన అన్నది మనల్ని కాదు. క్యాబేజీ నారుని."

"క్యాబేజీకి పెద్దదీ చిన్నదీ ఏమిటే? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

"ఒట్టు."

వదిన నా వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, గభాలున వెళ్ళి పండ్లపెట్టె ఎత్తుకొచ్చింది. తాడు కింద నుంచి వంగి వెళ్ళి అమ్మ ముందు పెట్టింది. "ఇదిగో అత్తయ్యా. ఇదే పెద్దది. దీన్నే తిట్టాను. మిమ్మల్ని అలా అంటానా? పెద్దది అని అంటానా అసలు?"

అమ్మ ఆ మొక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆకు వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది క్యాబేజీ కాదు."

"మరి?"

"ముల్లంగి. గింజల్లో కలిసొచ్చింది. ఇన్నాళ్ళూ దీనికేనా నువ్వు నీళ్ళు పోసింది?"

"మీరు ఒకసారి చూసి చెప్పొచ్చుగా?"

"నన్ను అడగలేదుగా."

వదిన పకపకా నవ్వింది. అమ్మ పెదాలు బిగించుకుంది గానీ ఆపుకోలేకపోయింది. "సరే సరే. ఆ తాడు విప్పవే," అంది నాతో. నేను మేకు దగ్గరికి వెళ్ళాను.

ఈ గోలకి అన్నయ్య లేచి, నోట్లో బ్రష్షుతో వెనక మెట్ల మీదికి వచ్చాడు. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఆ రోజు అతని డ్యూటీ మధ్యాహ్నం నుంచి.

"ఏరా," అంది అమ్మ, నవ్వు ఇంకా పోలేదు, "మీరు వేరుపోతున్నారని రాత్రంతా కన్ను మూయలేదురా నేను!"

అన్నయ్య బ్రష్షు తీసేశాడు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే, "ఇల్లు చూశానంతేనమ్మా. ఇంకా ఖాయం చేయలేదు" అన్నాడు.

నా చేతిలో తాడు సగం విప్పి ఉంది. అలాగే పట్టుకున్నాను.

"ఏ ఇల్లు?" అంది వదిన.

అతను తొందరగా చెప్పుకుపోయాడు. కంపెనీ పక్క వీధిలో. రెండు బస్సులు మారక్కర్లేదు, నడిచి వెళ్ళిపోవచ్చు. మూడో అంతస్తు. మీక్కూడా చూపించమని ఇంటాయన తాళంచెవి ఇచ్చాడు.

"లిఫ్టుందా?" అంది అమ్మ.

"లేదు."

"లిఫ్టులు బాగుచేసేవాడివి, లిఫ్టు లేని ఇంటికా?"

"బాల్కనీ ఉంది," అన్నాడు అన్నయ్య వదిన వైపు తిరిగి. "కుండీలు పెట్టుకోవచ్చు. క్యాబేజీ కుండీలో కూడా వస్తుందట."

"ఎప్పుడు చూశారు?"

"పోయిన వారం."

"నేను మడులు తవ్వుతున్నప్పుడు."

"చెబుదామనే అనుకున్నా. ఎప్పుడు చూసినా మట్టిలో ఉంటున్నావు."

వదిన పండ్లపెట్టె దగ్గరికి లాక్కుని, నేల మీద చతికిలబడి నారు వేరు చేయడం మొదలుపెట్టింది. ముందు ముల్లంగిని లాగి పక్కన పడేసింది. తర్వాత మిగతా గుంపు కిందికి చెంచా పోనిచ్చి, మట్టితో సహా పైకి లేపింది. కాడ నలిగితే మొక్క చస్తుందని ఆకు కొస పట్టుకుని ఒక్కొక్కదాన్నే విడదీసి, కాగితం గ్లాసుల్లో పెడుతోంది. అన్నయ్య మూతి చుట్టూ పేస్టు నురగ ఆరిపోతోంది. అమ్మ అక్కడి నుంచి లేవాలనుకుంది. లేవలేక అటూ ఇటూ చూసింది. మేమెవరం కదల్లేదు.

"ఇవాళ చెప్పాలి ఇంటాయనకి," అన్నాడు అన్నయ్య. "ఏమని చెప్పమంటావ్?"

"నన్నడిగి మాట్లాడారా, ఇప్పుడు నన్నడిగి చెప్పడానికి?"

"అది కాదు... నువ్వే చెప్పు. రోజూ రెండు బస్సులు. వచ్చేసరికి నువ్వు నిద్రపోతుంటావు."

వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది అబద్ధం కాదు. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో రాత్రి అతనికి అన్నం పెట్టేది నేనే.

"వెల్లుల్లి పెట్టాను," అంది. "చలి పోయాక గానీ అది తవ్వడానికి రాదు. నేను పెట్టింది నేనే తవ్వుతాను. ఆ తర్వాత ఎక్కడికి రమ్మన్నా వస్తాను. అంతదాకా నన్ను పిలవకండి. బస్సులు మీకు అంత కష్టంగా ఉంటే ముందు మీరు వెళ్ళండి, నేనేం అనుకోను."

"వాడొక్కడూ వెళ్ళి ఏం తింటాడు?" అంది అమ్మ మెల్లగా.

"ముల్లంగి," అంది వదిన తలెత్తకుండా.

ఎవరూ నవ్వలేదు. అన్నయ్య లోపలికి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు, తర్వాత బీరువా తలుపు చప్పుడు. నేను తాడు మొత్తం విప్పి, అమ్మకి చెయ్యి ఇచ్చి లేపి, ముందు గదిలోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పనిముట్ల సంచీ ముట్టుకోలేదు. డ్యూటీకి ఇంకా చాలా టైముంది. గోడకి తగిలించిన రెండో చొక్కా జేబులోంచి తాళంచెవి తీశాడు. కొత్త ఇంటిదే, మా ఇంట్లో అలాంటిది లేదు. ఇంటాయనకి తిరిగిచ్చేయడానికి తప్ప ఆ వేళప్పుడు దాంతో పని లేదు.

"టిఫిన్ చేసి వెళ్ళరా," అంది అమ్మ.

అతను చెప్పులు వేసుకున్నాడు. వెనక గుమ్మంలోంచి పెరడు కనిపిస్తోంది. వదిన ఇంకో మొక్కని విడదీస్తోంది. అటు ఒకసారి చూసి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.