వేడెక్కని బానెట్

డ్రైవరుగారికి ముప్ఫై ఏళ్ళుగా ఒక నియమం ఉంది. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి, దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటారు. "స్వామీ, ఈ రోజు నా చక్రాల కింద చీమ కూడా నలగకూడదు" అన్నదే ఆ ప్రార్థన సారాంశం. అరచేతికి వెచ్చదనం తగిలేదాకా ప్రార్థన ఆగదు. ప్రార్థన పూర్తయ్యేదాకా బండి కదలదు. లారీ నడిపిన రోజుల్లో క్లీనర్లు చాటున నవ్వుకునేవారు గానీ, ఆయన చేతిలో ఏ బండీ దారిలో మొరాయించిన పాపాన పోలేదు.

ఆ రోజు సొంత వ్యాను షెడ్డులో ఉంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అల్లుడు తెల్లవారగానే తన కారు తెచ్చిచ్చాడు.

"మామయ్యా, ఇది హైబ్రిడ్డు. పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీ మోటారూ ఉంటుంది. బ్రేకు తొక్కి బటన్ నొక్కండి. అంతే!" అని బస్సు పట్టుకుని డ్యూటీకి పోయాడు.

ఆ 'అంతే' దగ్గరే వచ్చింది చిక్కంతా.

ముందు సీట్లో ఆయన భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో హాల్ టికెట్టు, రెండు పెన్నులు. యాభై రెండేళ్ళ వయసులో పదో తరగతి పరీక్ష రాయబోతోంది. చిన్నప్పుడు తల్లి మంచాన పడితే చదువు ఆగిపోయింది. పోయినేడు ధైర్యం చేసి వెళ్ళింది గానీ, గోడ గడియారం చూసేసరికి కంగారు పుట్టి, ప్రశ్నపత్రంలో అక్షరాలన్నీ అలుక్కుపోయి, తెల్లకాగితం ఇచ్చి వచ్చేసింది. "ఈసారీ కాకపోతే పుస్తకాలు అటకెక్కించేస్తా" అని మొన్ననే తేల్చి చెప్పింది. తొమ్మిదికి గేటు మూసేస్తారు. అరగంట ప్రయాణం. ఎనిమిది కావస్తోంది.

డ్రైవరుగారు బటన్ నొక్కారు. చలికి ఇంజను సన్నగా గురగురలాడింది. దిగి బానెట్ మీద చెయ్యి ఆనించారు. ప్రార్థన సగంలో ఉండగా ఇంజను టక్కున ఆగిపోయింది.

"ఆగి చచ్చింది!" అంటూ వచ్చి మళ్ళీ నొక్కారు. డ్యాష్‌బోర్డు మీద వెలుగుతున్న దీపాలు కూడా ఆరిపోయాయి. ఇంకోసారి నొక్కితే దీపాలు వెలిగాయి గానీ చప్పుడు లేదు. చప్పుడు వచ్చినప్పుడు నిమిషం నిలవదు. ప్రార్థన నాలుగుసార్లు మొదలై నాలుగుసార్లు తెగింది.

"ఏమండీ, టైము చూశారా?"

"చల్లటి ఇంజన్ని తోలితే నడిదారిలో నిలబెడుతుందే."

"వాకిట్లో నిలబెట్టేకన్నా అదే నయం. మిగతా దూరం నడిచైనా పోయేదాన్ని."

అల్లుడి ఫోను మోగి మోగి ఊరుకుంది. టాక్సీకి ఫోన్ చేస్తే రావడానికి అరగంట అన్నారు. పక్కింటి టైలరు గోడ మీద నుంచి తొంగిచూశాడు. "ఏం బావగారూ, కారుకి చక్కిలిగింతలు పెడుతున్నారా?"

ఎనిమిదింపావు దాటింది. ఆవిడ డ్యాష్‌బోర్డు అర తెరిచి, ఇటుకంత పుస్తకం బయటికి లాగింది.

"అది ఇంజనీర్లు చదివేదే."

"అక్షరాలేగా అందులో ఉన్నవి?"

వెనక ఉన్న విషయసూచిక తిప్పింది. వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ కాసేపు చదువుకుంది. తర్వాత గొంతెత్తింది. "'బయలుదేరే ముందు ఇంజనును వేడి చేయనవసరం లేదు. ఇంజను దానంతట అదే ఆగును, అవసరమైనపుడు దానంతట అదే మొదలగును. ఇది లోపం కాదు.' ఆకుపచ్చ గుర్తు వెలిగితే బండి సిద్ధమట. వెలిగిందా?"

"వెలిగింది. ప్రతిసారీ వెలిగింది."

"అయితే సిద్ధంగా ఉన్నదాని పీక ప్రతిసారీ మీరే నొక్కారన్నమాట!"

డ్రైవరుగారు బటన్ నొక్కి, ఆకుపచ్చ గుర్తు చూసుకుని, అలవాటు చొప్పున మళ్ళీ దిగి బానెట్ మీద చెయ్యి వేశారు. గోరువెచ్చన కూడా కాలేదు. వెచ్చదనం తగిలితే దేవుడు సరేనన్నట్టు అని ఇన్నాళ్ళూ అనుకున్నారు. 'నేను తలచుకున్నది నిన్నా స్వామీ, ఇంజన్ ఆయిల్‌నా? బానెట్ చల్లగా ఉంటే నా మాట వినవా?' అని లోలోపల అడిగారు.

సమాధానంగా హారన్ మోగింది. నొక్కింది ఆవిడే.

"దణ్ణం దారిలో పెట్టుకోండి. ఆయన అక్కడా ఉంటాడు!"

కారు సడి లేకుండా వాకిలి దాటింది. అడ్డంగా పడుకున్న కుక్క నిద్ర కూడా చెడకుండా, ఆయన పక్కనుంచి పోనిచ్చారు. ఎత్తు ఎక్కుతుండగా ఇంజను ఉన్నట్టుండి మేల్కొంటే ఉలిక్కిపడ్డారు.

"లోపం కాదు!" అంది ఆవిడ పంతులమ్మలా. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ సీట్లో నిటారుగా కూర్చుంది. "ఏమండీ! ఎదురుగా గడియారం పరిగెడుతుంటే చదివాను కదా, ఒక్క అక్షరం కూడా అలుక్కుపోలేదండీ!"

ఆయన కళ్ళు రోడ్డు మీదే పెట్టి, పెదాలు కదుపుతూ నడిపారు.

గేటు ముందు ఆగేసరికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని, చిన్నపిల్లలా పరిగెత్తి, పదిహేనేళ్ళ పిల్లల వరసలో చివర నిలబడి, లోపలికెళ్ళింది. గేటు పడింది. డ్రైవరుగారు ఊచలు పట్టుకుని లోపలికే చూస్తున్నారు.

"తల్లిదండ్రులు గేటుకి దూరంగా ఉండాలి సార్. మీ పాప చక్కగా రాస్తుందిలెండి" అన్నాడు వాచ్‌మన్.

"పాప కాదయ్యా, మా ఆవిడ" అన్నారు డ్రైవరుగారు, పక్కన నిలబడ్డ తల్లిదండ్రులందరికీ వినబడేలా.