ముడి కొయ్యి

నందిత జుట్టులోంచి పొగ లేచినప్పుడల్లా భువనేశ్వరి కుర్చీలో అటూ ఇటూ కదులుతోంది. చెన్నైలో కోడంబాక్కం స్టేషను ఎదుటి మేడమీదున్న ఆ బ్యూటీపార్లరుకు కిటికీ ఉంది. ఏసీ చల్లదనం పోతుందని తెరవరు. మనవరాలికేమో ఉబ్బసం. రేపు టీవీ చానెల్లో వార్తలు చదివే ఉద్యోగానికి పరీక్ష. ఉంగరాల జుట్టు తెరకు పనికిరాదని అక్కడెవరో సెలవిచ్చారట.

"ఏం చేస్తున్నావమ్మా దానికి?"

"కెరాటిన్ పెడతా ఉండానవ్వా," అంది పార్లరు నడిపే కలైసెల్వి, ఒక పాయను స్ట్రెయిట్‌నరుతో లాగుతూ. "ముడికి సాపాడు. తింటే ప్రాణమొస్తాది సూడండి."

జుట్టును ముడి అనడం ఆమెకు అబ్బిన తమిళం. భువనేశ్వరికి ముడి అంటే ముడే.

"చచ్చినదానికి అన్నం పెడితే ప్రాణమొస్తుందా? గోరూ, వెంట్రుకా, చర్మం పైపొరా అన్నీ కెరాటినే. జీవమంతా చర్మం కిందున్న కుదుట్లోనే. పైకొచ్చిన వెంట్రుకలో బతికిన కణం ఒక్కటీ లేదు. కెరాటిన్ పోగులను గంధకపు బంధాలు పట్టి ఉంచితేనే ఉంగరం నిలుస్తుంది. మరి నీ సీసాలోని మందు వేడికి ఏ వాయువై లేస్తుందో చదివావా?"

"అవ్వా, పాఠం ఇంట్లో చెబుదువు," అంది నందిత. "కొంచెం కళ్లు మండుతున్నాయి, అంతే."

ఆ వెంటనే దగ్గు. అది ఆగలేదు. ఊపిరి ఈలలా కూసింది. మెడకు చుట్టిన ప్లాస్టిక్ గుడ్డ తాడు ముడి వెనక బిగిసిపోయింది. నందిత రెండు చేతులతో పీకుతోంది. భువనేశ్వరి కిటికీ తోసి, సంచిలో ఇన్‌హేలరు కోసం తడుముకుంటూ అరిచింది.

"ముడి కొయ్యి! చూస్తావేమే, ముడి కొయ్యి!"

కలైసెల్వి కత్తెర కసుక్కుమంది. కుడిచెవి పక్క పాయంతా నేల మీద పడింది. తాడు మెడకే ఉంది.

భువనేశ్వరి కత్తెర లాక్కుని తాడు తెంపింది. మనవరాలిని కిటికీ దగ్గర నిలబెట్టి మందు పీల్పించింది. కింద రైలొకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఈల మెల్లగా ఊపిరయింది.

"మీరే కదవ్వా, ముడి కొయ్యమంటిరి!" కలైసెల్వి ఏడుపు గొంతుతో అంది.

"తాడు ముడే, తాడుది!"

నందిత అద్దంలో చూసుకుంది. ఒకపక్క చెవిదాకా, ఒకపక్క నడుందాకా. మిగిలినదంతా ఉంగరాలే, తిన్నగా ఉన్నది నేలమీది పాయ ఒక్కటే.

"అక్కా, ఆ పక్క కూడా ముడి కొయ్యి," అంది నందిత, ఇంకా కాస్త రొప్పుతూ. "మీ ముడే, జుట్టు. సీసా మందు మాత్రం వద్దు."

"రేపు వాళ్లేమంటారో?" అంది భువనేశ్వరి.

"ఏమైనా అననీ అవ్వా. వార్త చదవాలంటే ముందు ఊపిరుండాలి కదా."

భువనేశ్వరి సీసా మూత బిగించింది. కిటికీ మళ్లీ ఎవరూ మూయకుండా, తన కుర్చీని దానికి అడ్డంగా జరుపుకుని కూర్చుంది.