ఉలి మీద ఒట్టు

ఎన్నికల ఫలితాలు తెలిసిన మరునాడే గనిగుంతకు తాళం పడింది. చంకన బిందెతో వచ్చిన గంగక్కకు ముళ్లకంచె, గేటు, గేటు ముందు కుర్చీ వేసుకున్న మేస్త్రీ కనిపించారు. పాత గనిలో నిలిచిన ఆ వాననీళ్లే బండలు కొట్టేవాళ్లందరి గొంతూ తడుపుతాయి. ఇకమీదట అవి సున్నపు బట్టీలకని, కంట్రాక్టరు రామకృష్ణయ్య ఆజ్ఞ అని మేస్త్రీ చెప్పాడు. పట్నంలో అప్పటికే ఆయన గెలుపు ఊరేగింపు మొదలైంది.

పల్లెల సీటులో కలిసివున్న పట్నాన్ని విడదీసి ఆ ఏడే కొత్త పార్లమెంటు స్థానం చేశారు. కడప బాట మీది బండల గనులూ అందులోకే వచ్చాయి. పట్నం సీటంటే రెక్కల కష్టం చేసేవాళ్ల సీటని కూలి సంఘంవాళ్లు మిల్లు కూలి గోపన్నను నిలబెట్టారు. ఆయన గుర్తు తట్ట, కంట్రాక్టరుది గుర్రం. రామకృష్ణయ్య ఉపన్యాసాలతో పెట్టుకోలేదు. గనికి వచ్చి, గంగక్క ఉలికి కుంకుమ పెట్టించి, దాని మీద చెయ్యి వేసి, తాను గెలిస్తే నీళ్లు ఎప్పటికీ మీవే అన్నాడు. తర్వాత గుర్రానికే ఓటేస్తామని, ఆయన మాటకు ఎదురు చెప్పబోమని ఒక్కొక్కరి చేతా అదే ఉలి మీద ఒట్టు వేయించుకున్నాడు. పేదవాడి నిజాయితీని మించిన పెట్టుబడి దొరలకు మరొకటి లేదు.

ఉలి మీద ఒట్టు తప్పినవాడి మీద బండ పడుతుందని గని జనం నమ్మకం. గంగక్క మొగుడు సుంకప్ప బండ కిందే పోయాడు. ఓటు వేసే రోజు, గుర్తుకొక పెట్టె పెట్టిన గదిలో ఆమె తట్ట పెట్టె ముందు కాసేపు నిలబడి, చివరికి చీటీని గుర్రం పెట్టెలో వేసింది. అందరూ అంతే చేశారు. గోపన్న ఓడిన తేడా ఆ గని ఓట్ల కంటే తక్కువ. దొంగచేతికి తాళం చెవి ఇచ్చినట్టయింది.

సాయంత్రం అందరూ బండల మీద చేరారు. పిల్లలు దాహానికి ఏడుస్తున్నారు. పోయి కాళ్లు పట్టుకుందామన్నారు కొందరు. తాళం పగలగొడదామన్నాడు పడుచువాడు లేవి. గనిలో అందరికంటే పాత పనివాడు పెద్ద ఈరన్న అడ్డుపడ్డాడు, ఒట్టు ఒట్టేనన్నాడు.

గంగక్క లేచింది. "మామా, ఆ ఉలి మీద ముందు చెయ్యి ఏసింది వాడు. తప్పిందీ వాడే. ఇంక మనల్ని కట్టేసేది ఏముండాది?"

"బండ పడితేనో?"

"నా మొగుడు ఒట్టు తప్పి పోలేదు మామా. బండకు దన్ను పెట్టనీకుండా పనికి తరిమినాడు మేస్త్రీ. నువ్వు ఆడనే ఉండావు."

పెద్ద ఈరన్న లేచి సమ్మెట భుజాన వేసుకున్నాడు.

తెల్లవారగానే గని గనంతా గేటు మీదికి కదిలింది. గంగక్క తాళానికి ఉలి ఆనించింది, ఈరన్న సమ్మెట వేశాడు. ఆ పూట బిందెలన్నీ నిండాయి. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. లాఠీ దెబ్బకు తల పగిలి ఈరన్న గేటు దగ్గరే కూలాడు, మళ్లీ లేవలేదు. గంగక్కకు సంకెళ్లు వేసి, సాక్ష్యానికని ఆమె ఉలిని గుడ్డలో చుట్టి పట్నం ఠాణాకు తీసుకుపోయారు. ఈరన్న మామ దహనానికి కూడా ఆమె పోలేకపోయింది.

మరునాడు ఠాణా ముందు గోల వినిపించింది. మెట్ల కింద గని జనమంతా నిలబడి ఉన్నారు. లేవి ముందుకొచ్చి తన ఉలిని మెట్టు మీద పడేశాడు.

"తాళం పగలగొట్టింది ఇది గూడా సార్. దీన్నీ మూట కట్టుకో."

అతని వెనక బిడ్డను చంకనెత్తుకున్న రాహేలమ్మ. ఆమె వెనక మరొకరు. పొమ్మని జమేదారు లాఠీ ఎత్తినా ఎవరూ కదల్లేదు. రాతి మెట్ల మీద ఇనుము పడుతున్న చప్పుడు లాకప్పులోని గంగక్కకు వినబడుతూనే ఉంది. ఆ రోజు రామకృష్ణయ్య గనుల్లో ఒక్క బండా పగల్లేదు.