మండని మందు

బట్టలు కుట్టే ఆ కొట్టులో అక్క మాటకు తిరుగులేదు. చెల్లెలు కుట్టిన ప్రతి చొక్కానూ ఆమె వెలుతురులో పట్టుకుని చూసేది. ఒక్క కుట్టు పక్కకి పోయినా, వచ్చినవాళ్ళ ముందే పర్రున విప్పేసేది.

"అవి వేళ్ళటే, రోకళ్ళా?" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. చెల్లెలు తల వంచుకుని మళ్ళీ మొదలుపెట్టేది. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు.

అక్కకి కళ్ళలో నీటికాసులు అన్నాడు డాక్టరు. లోపలి ఒత్తిడికి నరం చచ్చిపోతోందట. పోయిన చూపు రాదు. ఉన్నది నిలవాలంటే రెండు పూటలా చుక్కల మందు వేసుకోవాల్సిందే. తను వేసుకోబోతే కన్ను మూసుకుపోయి చుక్క చెంప మీద పడేది. దాంతో ఆ పని చెల్లెలు తీసుకుంది. మొదటి నెల కళ్ళు భగ్గుమనేవి, అక్క తిట్టిపోసేది. తర్వాత మంట లేదు. అలవాటైపోయిందనుకుంది.

ఏడాది తిరిగేసరికి పక్కనున్న స్టూలు కనపడక కాలికి తగలసాగింది. డాక్టరు పరీక్షించి మొహం ముడిచాడు.

"మందు వేసుకుంటున్నారా అమ్మా?"

"ఒక్క పూట మానలేదండీ. మా చెల్లెలే వేస్తుంది."

"ఒత్తిడి కొంచెం కూడా తగ్గలేదే!"

అక్కడే నర్సు చేత అదే మందు వేయించాడు. అక్క కళ్ళు నిప్పు పడ్డట్టు మండాయి. ఆమెకి అంతా అర్థమైంది. చెల్లెలు గోడకేసి చూస్తూ నిలబడింది.

ఇంటికి రాగానే అక్క అడిగింది.

"సీసాలో ఏం పోశావే?"

"కాచి చల్లార్చిన నీళ్ళు."

"నేను గుడ్డిదాన్నవుతానని తెలుసుగా?"

"తెలుసు. నా కుట్టులో తప్పు నీకు కనపడకూడదనే పోశాను."

అక్క చెయ్యి ఎత్తింది. చెల్లెలు పక్కకి జరగగానే కనపడలేదు. దెబ్బ గాలిలో పోయింది. అక్క కూలబడింది. పొమ్మందామంటే చుక్కలు వేసే దిక్కు మరొకరు లేరు.

మర్నాడు పొద్దున్నే కొత్త సీసా ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ముందు నీ కంట్లో వేసుకో."

"నాకేం జబ్బని?"

"వేసుకో."

చెల్లెలు వేసుకుంది. కన్ను ఎర్రబడి నీళ్ళు ధారకట్టాయి. కొంగుతో ఒత్తుకోబోయింది.

"తుడవకు. రెండోదాంట్లో కూడా."

ఆ మంట కళ్ళారా చూశాకే అక్క తల వెనక్కి వాల్చింది. అప్పటినుంచీ రోజుకి రెండు పూటలా ఇద్దరికీ అదే మందు.