దాచుకున్న తెలివి

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కోల్టన్ ప్రూయిట్ మూడేళ్లు మైదానం అంచున నిలబడి చేతులు ఊపాడు. నెత్తిన టోపీ పెట్టుకుని, మోచెయ్యి తట్టి, భుజం రుద్ది, కోచ్ చెప్పిన ఎత్తుగడను లోపల ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు సైగలతో అందించడమే అతని పని. నాలుగో ఏట ఆ స్థానం అతనిదైంది. ఇప్పుడు బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. పరుగెత్తేవాడికి అందించాలా, దూరంగా విసరాలా అన్నది రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆలస్యమైతే అవతలి జట్టు మీదపడి నేలకు కొడుతుంది. పశ్చిమ టెక్సస్‌లో పత్తి చేల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్లో మంగలి అతని దగ్గర డబ్బు పుచ్చుకోవడం మానేశాడు. ఆడటానికి మరుసటి ఏడు మాత్రం లేదు. కాలేజీ ఆటగాడికి ఉన్న గడువంతా ఆ సీజనుతో తీరిపోతుంది.

ఏటా ఆగస్టులో, ఆటలు మొదలుకాకముందే, జట్టునంతా కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి జ్ఞాపకశక్తికి పరీక్ష పెడతారు. తెర మీద మాటలు వచ్చిపోతాయి, ఏవి వచ్చాయో చెప్పాలి. తరవాత ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, ఆగస్టు మార్కులకంటే తగ్గితే ఆడనివ్వరు. అందుకని ఆ పరీక్షలో కావాలని తప్పడం పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పే మొదటి విద్య. మరీ తప్పితే యంత్రం పట్టేస్తుంది. కాస్త మందమతి అనిపించేంతవరకే తప్పాలి. కోల్టన్ ఆ కొలత బాగా పాటించాడు. పక్క కుర్చీలో సియోనె, బంతిని కాళ్ల సందునుంచి వెనక్కి అందించే భారీ మనిషి, తనకు ఆ అవస్థ లేదనీ, ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుందనీ చెప్పి అందరినీ నవ్వించాడు.

అక్టోబరులో సొంత మైదానంలో కోల్టన్‌ను వెనక్కి పడేశారు. తల వెనకభాగం నేలకు తగిలింది. లేచాడు. గడ్డి ఒక పక్కకు వాలినట్టు కనిపించింది. అందరూ గుండ్రంగా చేరి, ఏం ఆడాలో చెబుతాడని చూస్తున్నారు. ఎత్తుగడ పేరు గుర్తు రాలేదు. సియోనె పెదవులు కదపకుండా గొణిగాడు, కోల్టన్ పైకి చెప్పాడు. మిగిలిన ఆటంతా అలాగే గడిచింది. గెలిచారు.

చీలమండలకు పట్టీలు కట్టే ట్రైనర్ లుపె ఒక్కతే ఒకటి గమనించింది. బంతి అవతలి జట్టు దగ్గరున్న వేళ, కోల్టన్ మైదానం గీత బయట నిలబడి, ఎవరూ చూడకపోయినా, మోచెయ్యి తట్టి భుజం రుద్దుతున్నాడు.

సోమవారం పరీక్ష పెట్టారు. మార్కులు ఇంచుమించు ఆగస్టు మార్కులే.

"ఆగస్టులో ఎంత మందమో ఇప్పుడూ అంతే మందమని చెబుతోంది ఇది," అంది లుపె తెర వైపు చూస్తూ. "నేనెరిగిన పిల్లాడు మందం కాదే."

"ఆ రోజు నిద్ర చాల్లేదు మేడం."

"సరే. నోటితో చెప్పు బాబూ. తల నొప్పిగా ఉందా?"

కిటికీ వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది. ఔనంటే తన వెనక వరసలో ఉన్న కుర్రాడు కీగన్ శనివారం ఆ స్థానంలో నిలబడతాడు, ఇక దాన్ని వదలడు. ఆ శనివారమే జీతమిచ్చి ఆడించే పెద్ద జట్ల తరఫున మనుషులు చూడ్డానికి వస్తున్నారు. కోల్టన్ ఆమె చేతిలోని పట్టీ చుట్ట వైపే చూస్తూ లేదన్నాడు. జట్టు డాక్టరు ఆడొచ్చని సంతకం పెట్టాడు.

సియోనె ఈసారి ఎత్తుగడలు గొణిగి అందించనన్నాడు. గుర్తుంటే ఆడమన్నాడు, లేకపోతే కూర్చోమన్నాడు. ఒక్క ఆటేనని కోల్టన్ వారమంతా వాడి వెంటపడ్డాడు. వాడు తలాడించలేదు, కాదనీ అనలేదు.

శనివారం మొదట బాగానే సాగింది. దూరంగా విసిరిన రెండు బంతులూ తమవాళ్ల చేతుల్లోకే వెళ్లాయి. ఆ తరవాత ఎవడో భుజంతో తోశాడు, అంత గట్టిగా కూడా కాదు. కోల్టన్ లేచి జట్టు మధ్యకు వచ్చి, సియోనెను బడి రోజుల్లో తనతో ఆడిన ఎవరి పేరుతోనో పిలిచాడు. ఆ బడిలో ఆడిన ఎత్తుగడే చెప్పాడు. మిగతావాళ్లు నేల చూశారు. సియోనె తిన్నగా రిఫరీ దగ్గరికి నడిచాడు.

"అయ్యా, మావాడికి తానెక్కడున్నాడో తెలియడం లేదు."

ఈల మోగింది. రిఫరీ ఒకసారి బయటికి పంపితే డాక్టరు ఒప్పుకునేదాకా లోపలికి రావడం కుదరదు. స్టాండ్లలోంచి కేకలు, తిట్లు. కీగన్ వచ్చాడు, జట్టు ఓడింది. ఊరి హోటల్లో సియోనె బల్ల దగ్గరికి కాఫీ రావడం ఆలస్యమైంది. కోల్టన్ వాడితో మాటలు మానేశాడు.

నెల తరవాత పెద్ద ఊరి ఆసుపత్రిలో మళ్లీ మాటలు, మళ్లీ బొమ్మలు. ఈసారి కోల్టన్ ఏదీ దాచుకోలేదు. పళ్లు బిగబట్టి, ఉన్న శక్తంతా పెట్టాడు. డాక్టరమ్మ మార్కులు చూసి, పాతవాటి పక్కన పెట్టి, పెద్ద తేడా లేదే అంది. ఆగస్టులో కావాలనే తప్పానని అప్పుడు నిజం చెప్పాడు.

ఆమె కళ్లజోడు తీసింది. "అయితే ఎంత పోయిందో నేను చెప్పలేను నాయనా. ముందు ఎంత ఉండేదో మాకెవరికీ తెలియదు. నిన్ను దగ్గరగా ఎరిగినవాళ్లను అడుగు. ఆట మాట మాత్రం మరిచిపో."

దగ్గరగా ఎరిగినవాడు ఒక్కడే. కోల్టన్ వెళ్లి తలుపు తట్టాడు. సియోనె పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు.

"నేను ముందు ఎలా ఉండేవాణ్ణిరా?"

సియోనె చెప్పడం మొదలుపెట్టాడు. లెక్కల మాస్టారి తప్పు పట్టుకున్న రోజు. ఎత్తుగడలన్నీ ఒక్క వారంలో కంఠతా పట్టడం. కోల్టన్ నవ్వుతూ, ఔనౌనంటూ విన్నాడు. ఆ తరవాత సియోనె, మొదటి ఏడు వడగళ్ల వానలో బండి దిగబడితే పక్క చేని రైతు ట్రాక్టరుతో లాగాడనీ, ఆ ముసలాయన కుక్క కోల్టన్ బూటు ఎత్తుకుపోయిందనీ చెప్పాడు.

"గుర్తుంది," అన్నాడు కోల్టన్. "ఎడమకాలి బూటు."

సియోనె తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ పెద్ద చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి.

"అలాంటిదేమీ జరగలేదురా," అన్నాడు చివరికి.

కోల్టన్ ముఖం మీద నవ్వు ఇంకా పోలేదు. తనకు నిజంగానే గుర్తొచ్చిందో, గుర్తొచ్చినట్టు నటించాడో, అతను వెతుక్కుంటున్నాడు.